లోడు వేసి చూస్తేనే

చిరంజీవి సునీతకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. గుండెపోటు వచ్చినప్పుడు రక్తనాళం మూసుకోకుండా స్టెంటు వేయడానికి మణికట్టు దగ్గర గుచ్చిన గాయం కూడా మానిపోయింది.

మొన్న ఫోనులో "షుగర్ లేని మనిషికి ఇన్ని షుగర్ పరీక్షలు ఎందుకు నాన్నా, బిల్లు పెంచడానికి కాకపోతే" అన్నావు. మొదట నేనూ అలాగే చిరాకుపడ్డాను. అరవై ఆరేళ్లు వచ్చినా కాఫీలో రెండు చెంచాల పంచదార మాననివాణ్ణి, ఆ గొప్ప ఊరంతా చెప్పుకున్నవాణ్ణి.

ఆ రాత్రి ఆసుపత్రిలో చేరగానే చూస్తే రక్తంలో షుగర్ 186. గుండెకు దెబ్బ తగిలినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎగబాకుతాయి, కాలేయం తన గ్లూకోజు నిల్వలను రక్తంలోకి వదిలేస్తుంది. కాబట్టి ఆ ఒక్క అంకెతో మధుమేహం అని ముద్ర వేయరు. అలాగని తీసిపారేయరు కూడా. 2000లో 15 అధ్యయనాలను కలిపి లెక్క తీశారు. మధుమేహం లేకపోయినా గుండెపోటుతో చేరేనాటికి షుగర్ పెరిగి ఉన్నవారికి, ఆసుపత్రిలోనే ప్రాణం పోయే ముప్పు మిగతావారికంటే దాదాపు నాలుగు రెట్లని తేలింది. ఈ సంగతి డాక్టరు నేను కోలుకున్నాకే చెప్పారు. ఆ రాత్రే చెప్పి ఉంటే భయానికి ఇంకో యాభై పెరిగేది!

తర్వాత పరీక్షల్లో పరగడుపున 97 వచ్చింది. చూశారా అన్నట్టు మీ అమ్మ వైపు తిరిగాను. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలు కుర్చీలోంచి కదలనివ్వకుండా మళ్లీ రక్తం తీశారు. 172. అది 140 లోపు ఉండాలి, 200కు చేరితే మధుమేహం. అంటే నేను ఇంట్లోకి వెళ్లలేదు గానీ అరుగు మీద కూర్చున్నాను.

ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి ఈ మాత్రం నాకు తట్టలేదు. తెల్లవారుజామున ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు ఏ ట్రాన్స్‌ఫార్మరైనా చల్లగానే ఉంటుంది. మోటార్లన్నీ వేశాక కదా దాని సత్తా బయటపడేది. నేనేమో ఏటా పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని మురిసిపోయాను. స్వీడన్‌లో షుగర్ లేదనుకున్న 181 మంది గుండెపోటు రోగులకు ఇలాగే గ్లూకోజు తాగించి చూస్తే, ఇంటికి పంపేనాటికి మూడింట రెండొంతుల మందికి షుగర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కనిపించింది. అలా తేడా ఉన్నవారికే ఆ తర్వాత గుండె మళ్లీ ఎక్కువగా మొరాయించింది. నాకు ప్రస్తుతానికి షుగర్ మాత్రలు రాయలేదు. నడక పెంచమన్నారు, అన్నం తగ్గించమన్నారు.

నీకు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది. కాన్పుతో పోయిందని అందరం మరిచిపోయాం. అలా వచ్చి పోయినవారికి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ, మూడేళ్లకు ఒకసారైనా చూపించుకోవాలి అన్నారు డాక్టరు. వాడికిప్పుడు ఆరేళ్లు. నువ్వు ఒక్కసారైనా వెళ్లావా?

సంక్రాంతికి వచ్చిన మర్నాడే ఇద్దరం వెళ్దాం. ముందురోజు రాత్రి పది తర్వాత ఏమీ తినకు. అరిసెల డబ్బా గురించి దిగులు వద్దు, అది నాకు దొరకకుండా మీ అమ్మ ఎలాగూ దాచేస్తుంది.

మీ నాన్న