సైకిల్ సంఘం వార్షిక నివేదిక 2024–25: గండికోట, బెలుం, లంకమల, నల్లమల దారులు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

2024–25 సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. తారు రోడ్డు వదిలి కంకర దారుల్లోనూ, బండి బాటల్లోనూ, కాలువ గట్ల మీదా సైకిలు తొక్కాలన్న ఆసక్తి మనలో పెరిగిన తరువాత, ఎవరికి తోచిన దారిన వారు పోకుండా, పదిమందీ నిశ్చింతగా వెళ్ళిరాగల దారులను సంఘమే ముందుగా తొక్కి చూసి ఖాయం చేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాము. ఆ తీర్మానం ప్రకారం ఈ ఏడాది నాలుగు దారులను పరిశీలించాము. రెండింటిని ఖాయం చేశాము, ఒకదాన్ని షరతులతో ఉంచాము, ఒకదాన్ని పూర్తిగా వదులుకున్నాము. వదులుకున్న దారి విషయంలో కొందరు సభ్యులు నొచ్చుకున్నారని తెలుసు కనుక, అందుకు గల కారణాలను కూడా వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ తీసుకున్నది గండికోట నుంచి బెలుం గుహలకు పోయే దారి. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసుకుంటూ పోయిన గండి పక్కన కోట వెలిసినందువల్లనే ఆ ఊరికి గండికోట అనే పేరు వచ్చింది. జమ్మలమడుగు నుంచి అక్కడికి దాదాపు 15 కిలోమీటర్ల తారు రోడ్డు ఉంది కనుక, కొత్తవారు చల్లటి వేళ బయలుదేరి కాళ్ళు సాగదీసుకోవడానికి అది చాలు. కోటలోకి చేరాక సైకిళ్ళను ఊళ్ళోనే నిలిపి మాధవరాయస్వామి గుడిని, ధాన్యాగారాన్ని, జామియా మసీదును నడిచి చూడాలనీ, లోయ అంచుకు కాలినడకనే వెళ్ళాలనీ నియమం పెట్టుకున్నాము. అంచున బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుగా ఉంటాయి. వాటిలో కొన్ని కాలు మోపగానే కదులుతాయి. పెడల్‌కు బిగించుకునే క్లీట్ల బూట్లు ఆ నున్నటి రాతి మీద నిలవవని మా పరిశీలక బృందంలో ఒకరు జారి మోకాలు దోక్కున్న తరువాత అందరికీ అర్థమైంది. ఇకపై ప్రతి ఒక్కరూ మామూలు చెప్పులు సంచిలో పెట్టుకుని రావాలి.

ఈ దారిలో చూడవలసినవి ఎన్ని ఉన్నా, నా మటుకు నాకు మనసుకు పట్టినది చక్రం కింద నేల మారే తీరు. గండికోట కొండ గట్టి క్వార్ట్‌జైట్ రాయి. అది పగిలితే కత్తి అంచులాంటి పెచ్చులు ఊడి టైరు పక్క గోడలను కోసేస్తాయి. కొండ దిగితే నల్లరేగడి పొలాలు. అవి దాటి కొలిమిగుండ్ల వైపు పోయేకొద్దీ సున్నపురాయి నేల మొదలవుతుంది. పొలాల గట్ల మీద కంచెకు బదులుగా నాపరాళ్ళు వరుసగా నిలబెట్టి ఉంటాయి, గనుల దగ్గర దారంతా తెల్లటి దుమ్ము లేస్తుంది. దేశమంతటా కడప బండగా పేరుపడిన రాయి ఇదే. వాన నీరు లక్షల ఏళ్ళు ఆ సున్నపురాయిని కరిగించగా ఏర్పడినవే 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు. పైన చూస్తే చదునైన నేల తప్ప కొండ గుర్తే ఉండదు. పొద్దున లోయను పైనుంచి చూసి, సాయంత్రానికి నేల కిందికి దిగడం ఒక్క రోజు ప్రయాణంలో వీలయ్యే చోటు మన జిల్లాల్లో మరొకటి నాకు తెలియదు.

నవంబరులో ఈ దారిని రెండవసారి చూడబోయినప్పుడు జరిగిన ఇబ్బందిని సభ్యులు గుర్తుంచుకోవాలి. ముందు రాత్రి వాన పడింది, తెల్లవారి ఎండ కాసింది, దారి పైకి ఆరినట్టే కనిపించింది. రేగడిలో దిగి ఫర్లాంగు దూరం పోకముందే టైరుకూ, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ మధ్య బంకమన్ను కూరుకుపోయి చక్రాలు తిరగడం మానేశాయి. మట్టితో కలిసి రెట్టింపు బరువెక్కిన సైకిళ్ళను భుజాన వేసుకుని వెనక్కి వస్తుంటే, పక్క చేనిలోని ఒక పెద్దాయన తన నాగలికి మట్టి గీకే పుల్లను చేతికిచ్చి, "తడి మీద ఈ రేగట్లోకి ఎద్దుల్నే దింపం గదా నాయనా, రెండు దినాలు ఎండ కాయనీండి" అన్నారు. వాన పడిన తరువాత రెండు పూర్తి రోజులు ఎండ కాస్తేనే ఈ దారికి బయలుదేరాలన్న నియమం ఆయన మాట నుంచి వచ్చిందే. ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. తడి బాటను మన చక్రాలు చాళ్ళుగా కోసేస్తే, ఆరిన తరువాత ఆ గట్టి చాళ్ళలో పడి తిప్పలు పడేది రైతుల బండ్లు, ట్రాక్టర్లు.

సైకిళ్ళ విషయంలో 40 మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు టైర్లు ఉండాలని నిర్ణయించాము. కంకర దారుల కోసమే చేసిన గ్రావెల్ సైకిలే కావాలన్న పట్టుదల అవసరం లేదు. వెడల్పు టైరు పట్టే హైబ్రిడ్ గానీ, ఎంటీబీ (కొండ దారుల సైకిలు) గానీ సరిపోతుంది. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరుకాయ ఉన్న చోట ట్యూబ్‌లెస్ టైరు, అందులో చిల్లులను తనంతట తానే పూడ్చే సీలెంటు ద్రవం ఎంతో మేలు చేస్తాయి. అవి లేనివారు రెండు అదనపు ట్యూబులు తెచ్చుకోవాలి.

కర్నూలు–కడప కాలువ గట్టు దారి గురించి చెప్పవలసింది తక్కువ. చదునుగా, చాలా చోట్ల చెట్ల నీడతో ఉండే ఆ గట్టును కొత్త సభ్యుల కోసం ఖాయం చేశాము. బట్టలు ఉతికే రేవుల దగ్గర దిగి నడిపించుకుని పోవాలి.

లంకమల పరిసరాల దారిని షరతులతో ఉంచడానికి కారణం కలివికోడి. పూర్తిగా అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలోనే తిరిగి కనిపించింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పొదల నడుమ అక్కడక్కడా ఖాళీ నేల ఉన్న చిట్టడవిలో, రాత్రిపూట నేల మీద తిరిగి మేసే పక్షి అది. మన కళ్ళకు బీడుగా కనిపించే నేలే దాని ఇల్లు. అందువల్ల అభయారణ్యం హద్దుకు బయట, ఇప్పటికే ఊరివాళ్ళు వాడుతున్న బండి బాటను మాత్రమే, అదీ పగటిపూట మాత్రమే వాడుకుంటాము. ఫోనులోనో సైకిలు మీటరులోనో నమోదైన ఆ దారి జీపీఎస్ గీతను ఎవరూ బయట పంచుకోరాదు.

ఇక వదులుకున్న దారి. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో మీటరుగేజీ కాలం నాటి రైలు కట్ట, దొరబావి వంతెన ఉన్నాయి. బ్రాడ్‌గేజీ వేసినప్పుడు రైలు దారి మారిపోవడంతో అవి అడవిలోనే ఉండిపోయాయి. రైలు ఎక్కగల వాలు సైకిలుకు ఎంత హాయో తొక్కేవారికి చెప్పనవసరం లేదు. లోయ మీదుగా సాగే ఆ కట్టను చూడాలన్న కోరిక మీకు ఎంత ఉందో నాకూ అంతే ఉంది. అయితే అది రిజర్వు అడవి. అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అంతకు మించి, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం నుంచి దక్షిణాన శేషాచలం దాకా పులులు కదిలే దారి ఈ అడవుల గుండానే ఉంది. చప్పుడు లేకుండా వేగంగా వచ్చే సైకిలు, మలుపులో జంతువుకు ఎదురుపడితే ఇద్దరికీ తప్పుకునే వ్యవధి ఉండదు. ఒకసారి ఒకరికి అనుమతి దొరికినా, ఏటా గుంపులుగా వెళ్ళే దారిగా దాన్ని మార్చడం సరికాదని కార్యవర్గం ఏకగ్రీవంగా భావించింది. నల్లమలను చూడాలనుకునేవారు పచ్చర్ల మీదుగా పోయే సాధారణ రోడ్డు మీద, పగటి వెలుగులో, గుంపు విడిపోకుండా వెళ్ళవచ్చు.

గండికోట లోయ అంచున పోగుపడుతున్న ప్లాస్టిక్ సీసాలను మన యాత్రల్లో ఏరి జమ్మలమడుగు తెచ్చాము. వాటిలో శక్తి పానీయాల పొట్లాలు కూడా ఉన్నాయి. అవి సైకిలు మనుషులవే అయి ఉంటాయని బాధతో చెబుతున్నాను. ఇకపై ఎవరి చెత్త వారి జేబులోనే తిరిగి రావాలి.

తనిఖీ చేయించిన జమాఖర్చుల పట్టికను ఈ నివేదికకు జతపరిచాము. వచ్చే ఏడాది బెలుం దారిలో నీళ్ళు దొరికే చోట్లను ఊరి పెద్దలతో మాట్లాడి గుర్తించవలసి ఉంది. వానల తరువాత అక్టోబరులో ఆ దారిని మళ్ళీ పరిశీలించే బృందానికి నలుగురు కావాలి. రాదలచినవారు సర్వసభ్య సమావేశం రోజున తమ పేర్లు నాకు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి