తీర్థన్ లోయలో మా బావను వీపున మోసి దింపిన అన్నలకు కృతజ్ఞతలు

మా బావ క్షేమంగా కర్నూలు చేరుకున్నాడు, బాగున్నాడు. ఇన్ని రోజులూ ఫోన్లు చేసిన వాళ్ళకీ, ఇంటికి వచ్చి అక్కకు తోడుగా కూర్చున్న వాళ్ళకీ ముందు ఈ మాట చెప్పాలి. పొద్దున్నే మెల్లగా నడక కూడా మొదలుపెట్టాడు. మాకు సాయం చేసిన వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, వాళ్ళకు మా దోస్తు హిందీలో విడిగా రాసి పంపుతున్నాడు. అయినా వాళ్ళ గురించి మన వాళ్ళందరికీ తెలియాలి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

దసరా సెలవులకు ఇంకొన్ని సెలవులు కలుపుకుని నేను, బావ, పాతబస్తీలో ఉండే మా దోస్తు, ముగ్గురం కారులో హిమాచల్ వెళ్ళాం. మన ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు హైవే శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా నాలుగు వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీద ఉత్తరానికి పోయే లారీలను చూస్తూ పెరిగిన మనిషి మా బావ, ఎప్పటికైనా ఇదే రోడ్డు పట్టుకుని పై వరకూ పోవాలని ఆయన కోరిక. ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ దాటి అంబాలా దాకా అదే రోడ్డు. ఆ తర్వాత కొండ దారి, మండి దాటాక ఔట్ సొరంగంలోకి పోకుండా పక్కకు తిరిగితే బంజార్, అక్కడి నుంచి గుషైనీ. రోడ్డు ప్రయాణం గురించి ఇంకోసారి రాస్తాను, చెప్పాల్సింది చాలా ఉంది కానీ ఇప్పుడు అది కాదు.

గుషైనీ దాటాక గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్. 1999లో నేషనల్ పార్కుగా ప్రకటించారు, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 754 చదరపు కిలోమీటర్ల అడవి, లోపల బండి పోయే రోడ్డే లేదు, ఎక్కడికైనా కాలినడకే. అటవీశాఖ అనుమతి తీసుకుని, అక్కడి ఊళ్ళ నుంచే ఒక గైడునూ, వంటమనిషినీ, సామాన్లు మోసే ఇద్దరినీ వెంట పెట్టుకుని నడక మొదలుపెట్టాం. తీర్థన్ నది పక్కనే నడుచుకుంటూ రోలా అనే చోటికి, అది రెండు వేల మీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి నిట్టనిలువు ఎక్కుడు, శిల్ట్ దాకా. శిల్ట్ సుమారు మూడు వేల మీటర్లు. మన కర్నూలు మూడు వందల మీటర్లు కూడా ఉండదు, లెక్క వేసుకోండి.

మెల్లగానే ఎక్కాం, గైడ్ అన్న ఎక్కడా తొందరపెట్టలేదు. రోజూ నడిచే మనిషి బావ, ఒంట్లో ఏ జబ్బూ లేదు. శిల్ట్ చేరిన మర్నాడు పగలు రఖుండీ శిఖరం దాకా వెళ్ళి వచ్చాం, మూడు వేల ఆరు వందల మీటర్ల ఎత్తు, చుట్టూ మంచుకొండలు, బావ పిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ రాత్రి మొదలైంది. దగ్గు, పడుకుంటే ఊపిరాడటం లేదని లేచి కూర్చోవడం, కూర్చున్నా ఆయాసం. నాకు అదేమిటో తెలియలేదు. గైడ్ అన్న లేచి వచ్చాడు, టార్చి వేసి బావ పెదవులు చూశాడు, నీలంగా ఉన్నాయి. వీపుకు చెవి పెట్టి విన్నాడు. లేచి ఒకటే మాట అన్నాడు, తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే దిగాలి, ఈయన ఒక్క అడుగు కూడా నడవకూడదు అని.

తర్వాత డాక్టర్లు చెప్పారు, దీన్ని హేప్ అంటారట. ఎత్తైన చోట గాలిలో ఆక్సిజన్ తగ్గితే కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఎంత బలమైన మనిషికైనా రావచ్చు, ఎక్కువగా ఎత్తుకు చేరిన రెండో రాత్రి బయటపడుతుంది. శ్రమ పడితే ముదురుతుంది, చలికీ ముదురుతుంది. అసలు మందు కిందికి దిగడం, ఆక్సిజన్. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. గైడ్ అన్న ఏ కాలేజీలోనూ చదవని మనిషి, ఆయన ఆ అర్ధరాత్రి నిమిషంలో తీసుకున్న నిర్ణయం వల్లే మా అక్క పసుపు కుంకుమలు నిలిచాయి. ఇంతకన్నా వేరే రకంగా నాకు చెప్పడం రాదు.

బావను కంబళిలో చుట్టి, తాడుతో వీపుకు కట్టుకుని దిగడం మొదలుపెట్టారు. గైడ్ అన్న కాసేపు, సామాన్లు మోసే అన్నలు చెరి కాసేపు. పగలే మేము కర్ర పట్టుకుని ఎక్కిన దారి అది, ఒక పక్క లోయ, కింద తడి ఆకులు, రాళ్ళు. ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి వంట చేసే అన్న ముందు పళ్ళెం మోగిస్తూ, లైటు చూపిస్తూ నడిచాడు. మా దోస్తు, నేను వెనకాల. ఎవరూ విసుక్కోలేదు, గట్టిగా అరవలేదు, బావకు ధైర్యం చెబుతూనే ఉన్నారు. దోస్తు మన కర్నూలు ఉర్దూలో వాళ్ళ మాటలకు బదులు చెబుతుంటే బావ మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా, ఆ నవ్వు విన్నాక నా టెన్షన్ కొంచెం తగ్గింది. దిగేకొద్దీ ఆయాసం కాస్త సర్దుకుంటూ వచ్చింది.

రోలాలో అటవీశాఖ గార్డు తలుపు తట్టగానే లేచాడు. తన మంచం, తన రజాయి బావకు ఇచ్చి, పొయ్యి రాజేసి, మసక వెలుగు రాగానే తానే ముందు ఊరికి పరుగెత్తాడు. మేము సగం దారిలో ఉండగానే ఊళ్ళో కుర్రాళ్ళు కుర్చీకి కర్రలు కట్టి ఎదురొచ్చారు. వాళ్ళు మాకేమవుతారు? ఒక్కరి ముఖం కూడా అంతకు ముందు చూడలేదు. రోడ్డు దగ్గర జీపు సిద్ధంగా ఉంది. బంజార్ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి వెంటనే అంబులెన్సులో కుల్లు పంపారు.

కుల్లులో అప్పుడు దసరా జరుగుతోంది. మన దసరా అయిపోయే విజయదశమి నాడు వాళ్ళది మొదలై ఏడు రోజులు నడుస్తుంది, చుట్టుపక్కల లోయల ఊళ్ళ దేవుళ్ళంతా పల్లకీల్లో అక్కడికి వస్తారు. అంత జనంలో అంబులెన్సు ఎలా పోతుందా అని నా గుండె దడదడలాడింది. పల్లకీలు మోసే వాళ్ళే పక్కకు జరిగి దారి ఇచ్చారు, పోలీసులు ముందు నడిచి జనాన్ని తప్పించారు. ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లో తెల్ల మచ్చలు చూపించి, సరైన సమయానికి దింపారు అన్నారు. అక్కడి డాక్టర్లకు, సిస్టర్లకు చేతులెత్తి దండం.

గైడ్ అన్న సంగతి ఇంకొకటి చెప్పాలి. వాళ్ళ ఊరి దేవుడు కూడా ఆ మైదానంలోనే ఉన్నాడు, ఇంట్లో వాళ్ళంతా దేవుడి వెంట వచ్చారు. ఈయన మాత్రం బావకు ఆక్సిజన్ తీసేదాకా ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. కూలీ డబ్బు పైన ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. మాటల్లో తెలిసింది, ఆ కొండల్లో వాళ్ళ నాన్న గొర్రెలు మేపేవాడట, గుచ్చీ అనే పుట్టగొడుగులూ, మూలికలూ ఏరుకునేవాళ్ళట. పార్కు వచ్చాక ఆ మేత హక్కులు పోయాయి. అప్పటి నుంచి చాలా ఇళ్ళల్లో ఈ ట్రెక్కింగ్ పనే ఆధారం. ఆ దారిలో ప్రతి మలుపూ ఆయనకు చీకట్లో కూడా ఎలా తెలుసో అప్పుడు అర్థమైంది. మన నల్లమలలో చెంచులకు అడవి తెలిసినట్టు. అందుకే అటు వెళ్ళేవాళ్ళకు నా విన్నపం, అక్కడి ఊరివాళ్ళనే పెట్టుకోండి, కూలీ దగ్గర బేరమాడకండి, వెనక్కి దిగుదాం అని వాళ్ళు అంటే మారు మాట లేకుండా దిగండి.

ఇక మన వాళ్ళు. సిగ్నల్ రాగానే నేను ముందు చేసింది అక్క చిన్ననాటి స్నేహితురాలికి, మన పెద్దాసుపత్రిలో డాక్టరమ్మకు. ఆమె బంజార్ డాక్టరుతో తానే మాట్లాడి, ఏం జరుగుతోందో నాకు తెలుగులో విడమరిచి చెప్పి, అక్కకు ఎంత చెప్పాలో అంతే చెప్పి ఊరడించింది. వదినా, నీ రుణం తీరదు. మా వీధిలో పొయ్యి వెలిగించనివ్వకుండా అక్కకూ పిల్లలకూ పూటపూటా అన్నం పంపిన ఇళ్ళన్నిటికీ, దర్గాలో దువా చేయించిన దోస్తు వాళ్ళ అమ్మకు కూడా.

బావను చండీగఢ్ నుంచి హైదరాబాద్ విమానం ఎక్కించి, కారు తీసుకుని నేనూ దోస్తూ వస్తుంటే లఖ్‌నాదౌన్ ఇవతల రేడియేటర్ పైపు పగిలింది. రాత్రి, చుట్టూ అడవి. ఏపీ 21 నంబరు చూసి ఒక లారీ ఆగింది, ఏపీ 02 బండి, తాడిపత్రి అన్న. సైకిల్ ట్యూబు కోసి పైపుకు బిగించి చుట్టి, తన క్యాన్లో నీళ్ళు పోసి, మెకానిక్ షాపు దాకా మా వెనకాలే మెల్లగా వచ్చాడు. షాపువాడిని లేపి, మాట్లాడి, మేము టీ తేవడానికి పోయి వచ్చేసరికి లారీ లేదు. క్యాబిన్ మీద ఎర్ర రంగుతో నరసింహస్వామి బొమ్మ ఉంది, సరుకు దించి వస్తున్నానని చెప్పాడు. తాడిపత్రి, అనంతపురం వైపు ఎవరికైనా ఆయన తెలిస్తే నాకు మెసేజ్ పెట్టండి. బావ తానే స్వయంగా తాడిపత్రి వెళ్ళి కలుస్తానంటున్నాడు.