చిన్న గదికి సువాసన: చిట్కాతోపాటు కొలత, జాగ్రత్త కూడా అచ్చువేయండి

ఆర్యా,

ఇంట్లో గాలి పరిమళించేందుకు ఖరీదైన డబ్బాలు కొనవలసిన పని లేదని, వంటింటి సరుకులతోనే ఆ పని చేసుకోవచ్చని మీ పత్రిక కుటుంబ పేజీలో తరచుగా చిట్కాలు వస్తుంటాయి. వాటిని కత్తిరించి దాచుకునేవారిలో నేనూ ఒకరిని. 30 ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి, ఇప్పుడు విజయవాడలో ఒకే పడకగది ఉన్న ఫ్లాటులో కొడుకు, కోడలు, ఐదేళ్ల మనవడితో కలిసి ఉంటున్నాను. ఆ చిట్కాల్లో చాలావాటిని ఈ ఇంట్లోనే చేసి చూశాను. కొన్ని చక్కగా పనిచేశాయి, కొన్ని పనిచేయలేదు, ఒకటి రెండు మాత్రం చిన్న గదిలో అసలు చేయకూడనివని తెలిసింది. ఆ తేడా ఎందుకు వస్తుందో మీ పాఠకులకు, మరీ ముఖ్యంగా ఒకటి రెండు గదుల ఇళ్లలో సర్దుకుంటున్నవారికి చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా ముందుగది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. అంటే అందులో పట్టే గాలి 1200 ఘనపుటడుగులు, సుమారు 34 ఘనమీటర్లు. సోఫా, బీరువా, మంచం, మా నలుగురు ఆక్రమించిన చోటు తీసివేస్తే మిగిలేది ఇంకా తక్కువ. ముందూ వెనుకా తలుపులు తెరుచుకుని ఉండే పెంకుటింట్లో గుప్పెడు వేయదగిన వస్తువు ఇక్కడ చిటికెడు చాలు. నిరుడు వర్షాకాలంలో మేము ఈ లెక్క మరిచి, ఇల్లంతా పట్టిన ముక్కిన వాసన పోగొట్టడానికి బజారు నుంచి తెచ్చిన మల్లెల వాసన స్ప్రే డబ్బాను రోజుకు మూడు నాలుగుసార్లు కొట్టాము. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోయి, అది లేనట్టే ఊరుకుంటుంది. మల్లెల వాసన తగ్గిందనుకుని మేము మళ్లీ కొట్టేవాళ్లం. బయటి నుంచి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే తుమ్మేవారు. మనవడికి రాత్రిళ్లు పొడిదగ్గు పట్టుకుంది. వైద్యుడి దగ్గరికి తీసుకువెళితే, ఇంట్లో ఏం వెలిగిస్తున్నారు, ఏం చల్లుతున్నారు అని ఆయన మొదట అడిగారు. ఇంటికి వచ్చి డబ్బా చదివాను. పరిమళ ద్రవ్యం అన్న ఒక్క మాట తప్ప అందులో ఏమున్నదో రాసి లేదు. మండే స్వభావం గలది, నిప్పుకు దూరంగా ఉంచాలి అని మాత్రం ఉంది. ఇలాంటి చాలా డబ్బాల్లో ద్రవాన్ని బయటికి నెట్టేది బ్యూటేన్, ప్రొపేన్ వాయువులే, అంటే మన వంటగ్యాసులో ఉండేవే. హాల్లో నాలుగడుగులు వేస్తే పొయ్యి తగిలే ఇంట్లో ఆ హెచ్చరికను ఎలా పాటించాలో నాకు అర్థం కాలేదు.

డబ్బా మానివేసి, అసలు వాసన ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాను. ఏ పరిమళపు చిట్కాకైనా ముందు అచ్చువేయవలసింది ఈ వెతుకులాట గురించే. నేల మీది జాలీ కింద ప్లంబర్లు నహానీ ట్రాప్ అని పిలిచే అమరిక ఉంటుంది. అందులో నిలిచి ఉండే నీరే మురుగు గొట్టంలోని గాలి పైకి రాకుండా అడ్డుకుంటుంది. మా వాష్‌బేసిన్ పక్కన వాడకంలో లేని జాలీ ఒకటి ఉంది. అందులో నీరు ఎప్పుడో ఆవిరైపోయింది. వారానికి రెండుసార్లు ఒక మగ్గు నీళ్లు పోయడంతో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఇంట్లోని దుర్గంధంలో సగం పోయింది. ఫ్రిజ్ వెనుక నీరు చేరే పళ్లెం, స్నానాల గది గోడకు ఆనించిన బీరువా వెనుక పట్టిన బూజు మిగతా సగానికి కారణాలు.

ఏ వాసన దేనికి లొంగుతుందో చెప్పకుండా వంటసోడా పెట్టమనో, నిమ్మరసం చల్లమనో రాయడం వల్ల ప్రయోజనం లేదు. చెమట వాసనకు, పులిసిన పాల వాసనకు, బూట్ల కంపుకు కారణం ఎక్కువగా ఆమ్లాలు. వాటికి క్షార గుణం గల వంటసోడా సరిపోతుంది. రాత్రి బూట్లలో ఒక చెంచా సోడా చల్లి పొద్దున దులిపితే తేడా తెలుస్తుంది. చేపల వాసన అలా కాదు. దానికి మూలమైన ట్రైమిథైల్ అమీన్ స్వయంగా క్షారం కనుక దానిని అణచడానికి పులుపు కావాలి. చేప ముక్కలను చింతపండుతోనో నిమ్మకాయతోనో కడిగే మన ఇళ్ల అలవాటులో ఉన్న రసాయన శాస్త్రం ఇదే. చేపల పులుసు పెట్టిన రోజున గట్టును, సింకును పిండేసిన నిమ్మచెక్కలతో రుద్ది కడిగి, ఆ తర్వాత కిటికీ తెరిచి, బత్తాయి తొక్కలు, నాలుగు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క రెండు గ్లాసుల నీళ్లలో వేసి సన్నసెగ మీద పది నిమిషాలు మరిగిస్తే చాలు. వంటసోడా, వెనిగర్ కలిపి వాడమనే చిట్కా ఒకటి విరివిగా తిరుగుతోంది. ఆ రెండూ కలిస్తే బుసబుస పొంగి ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. నురగ చూసి పని జరిగిందనుకుంటాం.

ఇక సాంబ్రాణి. దీని గురించి రాయడానికి కొంచెం జంకుతున్నాను, ఎందుకంటే శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి వేయని ఇల్లు మా అమ్మ దృష్టిలో ఇల్లే కాదు. సుమత్రా, జావా దీవుల చెట్ల జిగురు మన పూజగదికి ఎంత దగ్గరైందంటే, అది సముద్రం దాటి వచ్చిన వస్తువన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. అయితే మా అమ్మ సాంబ్రాణి వేసింది మండువా లోగిలిలో. నాలుగు పక్కలా వసారాలు, నడుమ ఆకాశం. కుంపట్లోంచి లేచిన పొగ దూలాలను ఒకసారి తడిమి పైకి వెళ్లిపోయేది. దోమలు వస్తాయని కిటికీలు బిగించుకున్న 34 ఘనమీటర్ల గదిలో అదే పొగ ఎక్కడికి పోతుంది? చెట్టు జిగురు కాలినా, కృత్రిమ పరిమళం పూసిన అగరువత్తి కాలినా, దోమల చుట్ట కాలినా వచ్చేది సన్నని మసి కణాలతో కూడిన పొగే. వాటి కులగోత్రాలు ఊపిరితిత్తులకు తెలియవు. పసిబిడ్డలకు తలంటి ఆ పొగ పట్టడం వద్దని పిల్లల వైద్యులు చెప్పేది అందుకే. మా ఇంట్లో ఇప్పుడు వారానికి ఒకసారి, చిటికెడు మాత్రం, బాల్కనీ తలుపు బార్లా తీసి, మనవడు కింద ఆడుకుంటున్న వేళ వేస్తున్నాము. దేవుడు ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

చిన్న ఇంటికి నేను మనసారా సూచించేది వట్టివేరు. ఇంటింటా కరెంటు లేని రోజుల్లో వేసవి మధ్యాహ్నాలు గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. తమిళులు వెట్టివేర్ అని పలికే మాటే ఇంగ్లీషులోకి వెటివర్‌గా వెళ్లి, ఈనాడు విదేశీ అత్తరు సీసాల మీద కనిపిస్తుంది. ఈ వేళ్లలోని నూనె మెల్లగా ఆవిరవుతుంది; నిమ్మతొక్క వాసన గంటలో మాయమైతే వట్టివేరు నెలల తరబడి నిలవడానికి కారణం అదే. పైగా నిప్పు లేదు, పొగ లేదు. మూలికలమ్మే కొట్టులో 100 గ్రాముల వేళ్లు కొని, మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి, నీడలో తడి లేకుండా ఆరబెట్టి, అంగుళం ముక్కలుగా కత్తిరిస్తాను. పాత నూలు చీరతో కుట్టిన అరచేయంత సంచుల్లో ఆ ముక్కలను వదులుగా నింపి, ఎండిన మరువం, దవనం రెమ్మలు, పది లవంగాలు చేర్చి మూతి కడతాను. నాలుగు సంచులు వస్తాయి. ఒకటి గాలి వచ్చే కిటికీ ఊచకు, ఒకటి బీరువాలో, ఒకటి చెప్పుల అర పక్కన, ఒకటి దిండ్ల దగ్గర పెడతాను. పక్షానికొకసారి కాసేపు ఎండ చూపించి చేత్తో నలిపితే వాసన మళ్లీ లేస్తుంది. బట్టల పెట్టెలో మొగలి రేకులు దాచిన అమ్మమ్మల చేతుల్లో పెరిగినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు గాని, మా కోడలి స్నేహితురాళ్లు ఈ సంచులు చూసి ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. వేసవిలో అయితే మరో పిడికెడు వేళ్లను మట్టి మూకుడులో నీళ్లు పోసి నానబెట్టి కిటికీ ముందు పెడతాము. ఆ నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలకు పురుడు పోసినట్టే.

వర్షాకాలంలో మాత్రం ఆ మూకుడు పెట్టకూడదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కృష్ణ ఒడ్డున గాలే తడిబట్టలా ఉంటుంది. దానికి మరింత తేమ చేర్చడం బూజుకు ఎరువు వేయడమే. అప్పుడు ఇంటికి కావలసింది పొడిదనం. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపాలి, ఎండ కాసిన గంటలో పరుపులు ఎత్తి నిలబెట్టాలి, వీలైనంతవరకు తడి బట్టలు గదిలో ఆరవేయకూడదు (చిన్న ఫ్లాటులో ఈ చివరి మాట ఎంత కష్టమో నాకు తెలుసు). ఇస్త్రీ బండి అతని దగ్గర అరకిలో కర్రబొగ్గు కొని గుడ్డసంచిలో కట్టి అరల్లో ఉంచితే, ప్రత్యేకంగా తయారుచేసిన యాక్టివేటెడ్ బొగ్గు అంత కాకపోయినా, కొంత వాసనను పట్టుకుంటుంది. పక్కనే ఒక గిన్నెలో కల్లుప్పు పెడతాను. తేమను లాగడానికి కాదు, తెలుసుకోవడానికి. గాలిలో సాపేక్ష తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు కారుతుంది, తగ్గితే మళ్లీ ఆరుతుంది. ఉప్పు కారుతున్న రోజున నీళ్లు మరిగించే పరిమళాలేవీ మా ఇంట్లో ఉండవు.

స్ప్రే సీసా లేనిదే తృప్తి కలగనివారికి ఒక మాట. సీసాడు నీళ్లలో పది చుక్కల సుగంధ తైలం కలపమని రాస్తారు గాని, నూనె నీటిలో కరగదు. పైన తెట్టులా తేలుతుంది. సీసాలోని గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కనుక మొదటంతా వట్టి నీళ్లు వచ్చి, చివరన నూనె ఒక్కసారిగా పడి పరదా మీద మరక చేస్తుంది. నేను పొడి వంటసోడా ఒక చెంచా తీసుకుని, దాని మీద ఐదు చుక్కల నిమ్మగడ్డి నూనె వేసి నలిపి, ఆపైన 200 మిల్లీలీటర్ల నీళ్లు కలుపుతాను. అప్పటికీ కొట్టే ముందు ప్రతిసారీ సీసాను కుదపవలసిందే. కాళ్లు తుడుచుకునే పట్టా మీద, పరదాల మీద కొట్టాలి గాని గాలిలోకి కాదు. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో ఉండే లిమోనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిసి కొద్దిగా ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువును పుట్టిస్తుందన్నది తెలిసిన సంగతే. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన మోతాదు చూడనక్కరలేదని అనుకోకూడదు. తొక్కల కషాయాన్ని సీసాలో పోసి దాచుకోవడం కూడా మంచిది కాదు, రెండు మూడు రోజులకే పాడైపోతుంది.

కర్పూరం గురించి కచ్చితంగా చెప్పవలసింది ఒకటి ఉంది. బజారులో దొరికే హారతి కర్పూరం చాలావరకు టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారైనదే కనుక దానిని సహజ పరిమళమని పిలవడమే సందేహాస్పదం. అంతకంటే ముఖ్యం, చిన్నపిల్లలు కొద్దిగా మింగినా మూర్ఛలు రావచ్చు. గిన్నెల్లో కర్పూరం బిళ్లలు వేసి గది మూలల్లో పెట్టమనే చిట్కా పక్కన ఈ వాక్యం తప్పక ఉండాలి. నాఫ్తలీన్‌తో చేసిన కలరా ఉండలు కూడా అంతే. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివారికి ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితేనే ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. స్నానాల గది కంపు పోవాలని బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఒకేసారి పోయడం మరీ ప్రమాదం. రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది, ఆ గదికి ఉండే వెంటిలేటరు జానెడు.

మీ పేజీలో చోటు తక్కువని తెలుసు. అయినా ప్రతి చిట్కా కింద ఎంత గదికి ఎంత వస్తువు, ఎన్ని రోజులు నిలుస్తుంది, ఇంట్లో పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉంటే ఏది మానాలి అన్న మూడు వివరాలను ఒక పంక్తిలో చేర్చవలసిందిగా మనవి. ఈసారి సాంబ్రాణి గురించి వేసినప్పుడు, చోటు మరీ చాలకపోతే, "కిటికీ తెరిచి" అన్న రెండు మాటలైనా వేయండి.

నమస్కారాలతో,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయవాడ