ఆ ఫ్యాన్‌ని కట్టిపడెయ్యకు

చిట్టితల్లీ,

బ్రౌజర్ తెరిస్తే చాలు కంప్యూటర్ ఫ్యాన్ గుయ్యిమని లేస్తోందని, అంతలోనే తగ్గిపోతోందని, విసుగొచ్చి బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, దాని వేగాన్ని 30 శాతం దగ్గర కట్టేశానని ఫోన్లో చెప్పావు. అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. అసలు సంగతి వివరంగా చెబితే నువ్వే సరిచేసుకుంటావని రాస్తున్నాను.

నువ్వు ఏం పని చేస్తున్నావో ఫ్యాన్‌కి తెలియదు. ప్రాసెసర్ లోపలే ఉన్న సెన్సర్లు వేడి ఎంతో చెబుతాయి. మదర్‌బోర్డు మీదున్న ఒక చిన్న చిప్ దాన్ని ఎప్పటికప్పుడు చదివి, ఇన్ని డిగ్రీలకు ఇంత వేగం అన్న లెక్క ప్రకారం ఫ్యాన్‌ని నడుపుతుంది. ఆ లెక్కనే ఫ్యాన్ కర్వ్ అంటారు.

ఫ్యాన్ కనెక్టర్‌లో నాలుగు పిన్నులుంటాయి చూడు. ఒకటి గ్రౌండు, ఒకటి 12 వోల్టులు. మూడోదాని మీద ఫ్యాన్ చుట్టుకి రెండు పల్సులు వెనక్కి పంపుతుంది. ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో తెలిసేదీ, ఫ్యాన్ ఆగిపోతే బోర్డు కనిపెట్టేదీ వాటితోనే. నాలుగో దానిలో సిగ్నల్ సెకనుకి సుమారు 25 వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఆన్‌లో ఉండే వాటా పెరిగితే వేగం పెరుగుతుంది. మనిషి చెవికి 20 వేలు దాటిన శబ్దం వినపడదు కాబట్టి ఆ స్విచింగ్ కీచుమన్నా మనకి తెలియదు. ఇంత దూరం ఆలోచించిన ఇంజనీర్లంటే నాకు ఎంతో గౌరవం.

ఇక నీ సమస్య. పేజీ తెరవగానే ప్రాసెసర్ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ఆ చిన్న సిలికాన్ ముక్క రెప్పపాటులో పది, ఇరవై డిగ్రీలు ఎక్కి, అంతే త్వరగా దిగిపోతుంది. పైనున్న హీట్‌సింక్, అంటే ఆ వేడిని పీల్చుకునే లోహపు దిమ్మ, అప్పటికి ఇంకా వేడెక్కనే లేదు. ఫ్యాన్ చల్లబరిచేది హీట్‌సింక్‌ని కదా, మరి అప్పుడు ఆ హడావిడి దేనికి? కాబట్టి ఫ్యాన్ సెట్టింగుల్లో స్టెప్ అప్, స్టెప్ డౌన్ లాంటి పేరుతో టైమ్ ఉందేమో వెతుకు. పెరగడానికి నాలుగైదు సెకన్లు, తగ్గడానికి ఇంకాస్త ఎక్కువ ఇవ్వు. గోల చాలావరకు తగ్గుతుంది.

30 శాతం మాత్రం ఈ రోజే తీసెయ్. నువ్వు వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు వేడి నిమిషాల తరబడి నిలుస్తుంది. హద్దు దాటితే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ చిప్పుల్లో ఆ హద్దు 100 డిగ్రీలు. చిప్ కాలిపోదు గానీ, గంటలో అయ్యే పని సాగుతూనే ఉంటుంది. పైగా మే నెలలో విజయవాడ గది 40 డిగ్రీలుంటే, 25 డిగ్రీల ఏసీ గదిలో కంటే లోపలి వేడి కూడా దాదాపు 15 డిగ్రీలు పైనే ఉంటుంది. 50 డిగ్రీల దాకా 30 శాతం, 70కి 60, 85కి పూర్తి వేగం పెట్టి చూడు.

ముందు జాలీకి పట్టిన దుమ్ము దులుపు. తర్వాత ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా డిగ్రీలు, ఆర్‌పీఎం కనిపించేలా ఫొటో తీసి పంపు. కర్వ్ ఇంకా మార్చాలో లేదో చూసి చెబుతాను.

నాన్న