పచ్చడికో సబ్‌డొమైన్ అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

చిన్న వ్యాపారుల వెబ్‌సైట్ల గురించి మీ వ్యాపార పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంట్లో వండి అమ్ముకునేవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని రాసినందుకు సంతోషం. కానీ అందులో ఒక్కో రకం సరుకుకు ఒక్కో సబ్‌డొమైన్ (మన సైటు పేరుకు ముందు ఇంకో పేరు తగిలించి చేసే విడి చిరునామా) పెట్టుకుంటే గూగుల్ మొదటి పేజీ నిండా మనమే కనిపిస్తామన్న సలహా ఉంది. అది నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వదిన తెనాలిలో పచ్చళ్లు, పొడులు, సున్నుండలు, అరిసెలు చేసి అమ్ముతుంది. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. వదిన సైటు బాగోగులు కూడా ఇప్పుడు నావే. మొదట ఆ సైటు చేసిన ఏజెన్సీ పచ్చళ్లకొకటి, పొడులకొకటి, స్వీట్లకొకటి, అమెరికా ఆర్డర్లకొకటి చొప్పున సబ్‌డొమైన్లు పెట్టి, దేనికి దానికి విడిగా బిల్లు వేసింది. డొమైన్ పేరు మనదైతే దాని కింద సబ్‌డొమైన్ చేర్చుకోవడానికి ఎవరికీ అదనంగా కట్టక్కర్లేదు. డీఎన్‌ఎస్‌లో, అంటే ఏ పేరు ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే పట్టికలో, ఒక లైను రాస్తే సరిపోతుంది. ఈ సంగతి వదినకు ఎవరూ చెప్పలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 'స్వీట్స్ డాట్ మనపేరు డాట్ ఇన్' అంటే సబ్‌డొమైన్. 'మనపేరు డాట్ ఇన్ స్లాష్ స్వీట్స్' అంటే సబ్‌ఫోల్డర్. చూడ్డానికి పదాలు అటూ ఇటూ మారాయంతే అనిపిస్తుంది. కానీ బ్రౌజరు మొదటిదాన్ని చాలా విషయాల్లో వేరే సైటులాగే చూస్తుంది. ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప ఒక సబ్‌డొమైన్ కుకీ (మనం ఏం ఎంచుకున్నామో సైటు గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజరులో దాచే చిన్న సమాచారం) ఇంకోదానికి అందదు. దాంతో ఏమైందంటే, ఆవకాయ కార్టులో వేసుకున్న మనిషి సున్నుండల పేజీకి వెళ్లేసరికి కార్టు ఖాళీగా కనిపించేది. మళ్లీ మొదటి నుంచి ఎంచుకునే ఓపిక ఎవరికుంటుంది? కొందరు ఫోన్ చేసి అడిగేవారు, మిగతావాళ్లు వెళ్లిపోయేవారు.

ఆ ఫోన్ నంబరుదీ అదే కథ. వదిన నంబరు మారినప్పుడు ఏజెన్సీ ప్రధాన సైటులో మార్చి ఊరుకుంది. పొడుల సైటులో పాత నంబరే ఉండిపోయింది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. అన్నిటికంటే బాధ పెట్టింది సంక్రాంతి ముందు జరిగింది. అమెరికాలో ఉన్నవాళ్లు అరిసెలకు ఆర్డర్లు పెట్టే రోజుల్లో ఆ ఒక్క సబ్‌డొమైన్ సర్టిఫికెట్ (సైటు అసలుదేనని బ్రౌజరుకు చూపే డిజిటల్ పత్రం) గడువు అయిపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ గడువు 90 రోజులకు మించదు. తనంతట తానే రెన్యువల్ అయ్యేలా ప్రతి సబ్‌డొమైన్‌కూ చూసుకోవాలి. అక్కడ ఎవరూ చూసుకోలేదు. ఈ సైటు సురక్షితం కాదంటూ బ్రౌజరు హెచ్చరిక పెడితే కార్డు నంబరు ఎవరు కొడతారు? పిండి కలిపి పెట్టుకున్న వదినకు ఒకటే టెన్షన్.

ఇక గూగుల్ సంగతి. సబ్‌డొమైన్ అయినా సబ్‌ఫోల్డర్ అయినా తమ సెర్చ్‌కు ఇబ్బంది లేదని గూగుల్ ఉద్యోగి జాన్ ముల్లర్ 2017లోనే వీడియోలో చెప్పారు. 2019 జూన్‌లో గూగుల్ ఇంకో మార్పు ప్రకటించింది. ఒకే సైటు నుంచి సాధారణంగా రెండుకు మించి ఫలితాలు పైన చూపించమని, సబ్‌డొమైన్లను కూడా మామూలుగా ప్రధాన సైటులో భాగంగానే లెక్కిస్తామని చెప్పింది. అంటే మొదటి పేజీ నింపేయాలన్న ఆశకు అప్పుడే తలుపు మూసుకుపోయింది. ఫోల్డర్‌లోకి మార్చగానే ట్రాఫిక్ పెరిగిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మార్చేటప్పుడు పేజీలు బాగుచేస్తారు, విరిగిన లింకులు సరిచేస్తారు కాబట్టి ఏది దేనివల్ల పెరిగిందో విడదీయడం కష్టం. నేను ఆ మాట మీద ఎవరికీ హామీ ఇవ్వను. ఫోల్డర్ మేలని నేననేది పనిభారం చూసి.

సబ్‌డొమైన్ పనికిరానిదని కాదు. తెలుగు వికీపీడియా 'టీఈ డాట్ వికీపీడియా డాట్ ఆర్గ్' అనే సబ్‌డొమైన్‌లో ఉంది. దానికి సొంత నిర్వాహకులున్నారు, సొంత నియమాలున్నాయి, కాబట్టి అది సరైన ఏర్పాటు. మన జిల్లాల ప్రభుత్వ సైట్లూ అంతే. 'గుంటూరు డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ఆ జిల్లా యంత్రాంగానిది. అందులోనే తెలుగు పేజీలు మాత్రం 'స్లాష్ టీఈ' అనే ఫోల్డర్‌లో ఉంటాయి, ఎందుకంటే రెండు భాషలనూ చూసేది ఒకే కార్యాలయం. 2017 అక్టోబరులో మొదలైన బీబీసీ తెలుగు కూడా 'బీబీసీ డాట్ కామ్ స్లాష్ తెలుగు' అనే ఫోల్డర్‌లోనే నడుస్తోంది. దుకాణం వేరే కంపెనీ ప్లాట్‌ఫారం మీద నడిపేవాళ్లకు 'షాప్ డాట్' అని సబ్‌డొమైన్ పెట్టుకోవడమే సులువు. వేరే మనుషులో వేరే సర్వరో ఉన్నప్పుడు సబ్‌డొమైన్ పెట్టుకోవాలి. వదిన దగ్గర ఉన్నది ఒక వంటగది, ఒక ఫోను, సాయంత్రాలు నేను.

అందుకే అన్నిటినీ ఒకే సైటులోకి, ఫోల్డర్లలోకి తెచ్చాను. ఇలా మార్చాలనుకునేవాళ్లు దయచేసి పాత సైట్లను ఊరికే మూసేయకండి. పాత ప్రతి పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టించండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తే కంది పొడి కోసం వచ్చిన మనిషి అక్కడ దిక్కులు చూస్తాడు. ఆ రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతోంది. నేనైతే తీయను, మా పాత అట్టపెట్టెల మీద అచ్చయిన చిరునామాలు ఇంకా జనం ఇళ్లల్లో ఉన్నాయి.

ఇంకో ప్రమాదం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. బయటి కంపెనీ సర్వీసుకు వెళ్లేలా పెట్టిన సబ్‌డొమైన్‌ను వాడటం మానేసి, అక్కడి ఖాతా మూసేశాక డీఎన్‌ఎస్‌లో ఆ లైను కూడా తీసేయాలి. వదిలేస్తే కొన్ని సర్వీసుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఖాతా తెరిచి ఆ చిరునామాను తమ చేతిలోకి తీసుకోగలరు. అప్పుడు మన పేరు కింద బెట్టింగ్ పేజీలు కనిపించినా ఆశ్చర్యం లేదు. ఏళ్ల తరబడి నమ్మకంతో నిలబెట్టుకున్న పేరుకు అంతకంటే అన్యాయం ఏముంటుంది?

మీ పేజీ చదివి సైటు చేయించుకునే ఆడవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కాబట్టి ఆ సలహాను సవరిస్తూ నాలుగు వాక్యాలైనా వేయండి. డొమైన్ రిజిస్ట్రేషన్ ఏజెన్సీ పేరు మీద కాకుండా తమ పేరు మీద, తమ ఈమెయిల్‌తో చేయించుకోమని, డీఎన్‌ఎస్ లాగిన్ తమ చేతికి వచ్చాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వమని కూడా అందులో చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి