ఈ సీజన్ బొచ్చె పిల్లల గురించి మా రైతులకు

ఈసారి మా హేచరీ బొచ్చె చేపపిల్లల్లో ఒక బ్యాచ్ స్ట్రాల్లో (సన్నని గొట్టాల్లో) గడ్డకట్టించి దాచిన వీర్యంతో పుట్టింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పిచ్చాటూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి ఒకటే ఫోన్లు: "అన్నా, ఫ్రిజ్జులో పెట్టిన చేప పెరుగుతుందా?"

దాచింది చేపను కాదు, మగచేప పాలను, అంటే వీర్యాన్ని. ఆవులకు సూది వేయించేటప్పుడు గోపాలమిత్ర తెచ్చే నైట్రోజన్ డబ్బా మీరంతా చూసిందే. ఇక్కడా అదే డబ్బా, అవే స్ట్రాలు, మైనస్ 196 డిగ్రీలు.

హేచరీలో ఏళ్ల తరబడి ఒకే సంతతిని కలుపుతూ పోతే పిల్లల్లో ఎదుగుదల తగ్గుతుంది. కొత్త రక్తం కావాలి. పెద్ద మగ బొచ్చెను వేరే జిల్లా నుంచి ప్రాణంతో తేవాలంటే దారి పొడవునా టెన్షనే. స్ట్రా అయితే డబ్బాలో వచ్చేస్తుంది.

పని మాత్రం తేలిక కాదు. పాలకు ముందే నీటిచుక్క తగిలితే కణాలు కదలడం మొదలుపెట్టి, ఒకటి రెండు నిమిషాల్లోనే శక్తి అయిపోయి ఆగిపోతాయి. అందుకే తల్లిచేప పొట్ట తుడిచి, గుడ్లను పొడిగిన్నెలోకి పిండుతాం. స్ట్రాను గోరువెచ్చని నీళ్లలో కొన్ని సెకన్లు ఆడించి, తడి తుడిచి, కొస కత్తిరించి గుడ్ల మీద వదులుతాం. కోడి ఈకతో కలిపాకే నీళ్లు. ఆ కాసేపు మా షెడ్డులో ఎవరూ ఫోను ఎత్తరు!

గడ్డకట్టేటప్పుడు లోపలి నీరు మంచుగా మారి కణాన్ని చీల్చకుండా డీఎంఎస్ఓ లాంటి మందు కలుపుతారు. అయినా కొన్ని చస్తాయి. కాబట్టి తాజా పాలతో పోలిస్తే పొదిగేవి తక్కువే. ఆ నష్టం మాది, రేటు పెంచలేదు. గుడ్లను ఇలా దాచడం కుదరదు, వాటిలో సొన ఎక్కువ. తల్లిచేప సిద్ధంగా ఉన్న రోజే పని.

పుట్టిన పిల్ల మామూలు బొచ్చే. జన్యువులు మార్చిందేమీ లేదు, మేతలోనూ తేడా లేదు. అలాగని రెట్టింపు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి 1957లో ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించారు. ఇవాళ "ఇంజెక్షన్ పిల్లలా?" అని అడిగేవాళ్లే లేరు కదా.

ఈ బ్యాచ్‌ను వేరే తొట్టిలో ఉంచాం. వద్దనుకుంటే బుకింగ్ అప్పుడే చెప్పండి, మామూలు బ్యాచ్ ఇస్తాం. మన చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకే కాబట్టి రెండు రకాలనూ అప్పటిదాకా మా నర్సరీలోనే పెంచి, ఫింగర్లింగ్ (వేలెడంత) సైజులో ఇస్తాం.