మద్యం పరిశోధనకి డబ్బు ఎవరిస్తున్నారు?

ఎడిటర్ గారికి,

మా బాబాయి తాగుడు మానేసిన మూడో రోజు రాత్రి లేచి కూర్చుని, దుప్పటి మీద చీమలు పాకుతున్నాయంటూ దులుపుతూనే ఉన్నాడు. అక్కడ ఒక్క చీమ కూడా లేదు. చేతులు ఎంతగా వణికాయంటే, గ్లాసుతో నీళ్లిస్తే సగం చొక్కా మీదే ఒలికాయి. మేమే అందరం కలిసి ఒట్టు వేయించుకుని, గదిలో ఉంచి, గడప దాటనివ్వకుండా కాపలా కాసి మాన్పించాం మరి, పెద్ద ఘనకార్యం చేశామనుకున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ గారు మమ్మల్నే కేకలేశారు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చు, అలాంటివాళ్లతో డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించాలి అన్నారు. ఇంట్లో నలుగురం డిగ్రీలు చదివినవాళ్లం, ఈ ముక్క ఒక్కరికీ తెలియదు. చిన్నప్పుడు 'మద్యపానం హానికరం' అని వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకున్నదాన్ని నేనే!

అప్పటి నుంచి దీని మీద దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, పేచీ అంతా డబ్బు దగ్గరే ఉంది. రోజుకో డ్రింకు గుండెకి మంచిదా కాదా తేల్చడానికి అమెరికాలో 10 కోట్ల డాలర్ల పరిశోధన ఒకటి తలపెట్టారు, అందులో ఎక్కువ భాగం మద్యం కంపెనీలు ఇస్తామన్న సొమ్మే. ఆ కంపెనీల దగ్గరికి వెళ్లి అడిగింది ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లే అని బయటపడి 2018లో మొత్తం ఆపేశారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ పరిశోధన జరిగినా గుండెకి మేలు కనిపించేదేమో కానీ క్యాన్సర్ లాంటి నష్టం తేలేంత కాలం నడిచేది కాదు.

అసలు ఆ 'గుండెకి మంచిది' లెక్కలోనే పాత తిరకాసు ఉంది. చాలా అధ్యయనాల్లో తాగనివాళ్ల గుంపులో, జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లని కూడా కలిపేశారు. ఇక ఆ గుంపు నీరసంగా కనిపించక ఏం చేస్తుంది, పక్కన కొద్దిగా తాగేవాళ్లు పహిల్వాన్లలా కనిపించారు.

మద్యం క్యాన్సర్ కారకం అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చెప్పింది. ఎంతమందికి తెలుసు? కెనడాలోని యూకాన్‌లో 2017లో పరిశోధకులు సీసాల మీద క్యాన్సర్ హెచ్చరిక అంటించి జనం ఏమంటారో చూద్దామనుకుంటే, కంపెనీల ఒత్తిడితో నెల తిరగకుండానే ఆగిపోయింది, మళ్లీ మొదలైనప్పుడు క్యాన్సర్ మాట మాత్రం మాయం.

'బాధ్యతగా తాగండి' అని ఆ కంపెనీలే ప్రచారం చేస్తాయి కదా అంటారు. ఆ మాటలో ఎంత తాగాలో ఉండదు, తాగితే ఏమవుతుందో ఉండదు, తప్పంతా తాగినవాడి నెత్తిన పోతుంది. అమ్మేవాడితో పాఠం చెప్పించుకుంటే ఇంతకంటే ఏం చెబుతాడు?

అలాగని డబ్బుకి దారి లేక కాదు. థాయ్‌లాండ్ 2001లో చట్టం చేసి మద్యం, పొగాకు మీద ఎక్సైజ్ పన్నుకి అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య ప్రచారానికి, పరిశోధనకి విడిగా ఒక నిధి పెట్టింది. కట్టేది కంపెనీలే, కానీ ఏం పరిశోధించాలో, ఏం చెప్పాలో వాళ్ల చేతిలో ఉండదు. 2019లో మద్యం వల్ల ప్రపంచంలో 26 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, దాని ముందు ఆ 2 శాతం ఏ మూలకి? మద్యం మీద ఆదాయం తీసుకునే ప్రతి ప్రభుత్వమూ కనీసం ఈ పని చేయాలని నా వాదన. ఆ నిధిలోంచి మానేటప్పుడు ఏమవుతుందో, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చెప్పించాలి, ఊరికే పుర్రె బొమ్మలు వేసి భయపెట్టడం కాదు.

మీ పేపర్‌ని అడిగేవి రెండే. తాగుడు ఏ స్థాయిలో ఉందో ఎవరికి వారే చూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల పది ప్రశ్నలు ఉన్నాయి, వాటిని ఒక ఆదివారం తెలుగులో వేయండి, పావు పేజీ చాలు. ఈసారి 'పెగ్గు మంచిదే' అనే వార్త వస్తే, ఆ పరిశోధనకి డబ్బిచ్చింది ఎవరో కూడా అదే అచ్చు సైజులో పక్కనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు